క్లిప్పులు మధ్యలోనే తీయించేస్తే ఏమవుతుంది?

పళ్లకు క్లిప్పులు వేయించుకున్న ఐదారు నెలలకు చాలామందిలో ముందు పళ్లు వరసలోకి వచ్చేస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్లు విడిపోతాయి, పక్కకు తిరిగిన కోరపన్ను నిటారుగా నిలబడుతుంది. ఇంట్లోవాళ్లు కూడా "బాగానే అయ్యాయి కదా, ఇంకా ఆ తీగలెందుకు" అంటారు. డాక్టరేమో ఇంకో ఏడాది పడుతుందని చెబుతారు. క్లిప్పులు ముందే తీయించేద్దామన్న ఆలోచన ఎక్కువగా ఈ దశలోనే పుడుతుంది. అద్దంలో కనిపించేదానికీ, దవడ లోపల జరుగుతున్నదానికీ పొంతన అన్నిటికన్నా తక్కువగా ఉండేది కూడా ఇప్పుడే.

మొదట్లో వేసేది నికెల్, టైటానియం కలిసిన సన్నని గుండ్రటి తీగ. దాన్ని ఎంత వంచి బ్రాకెట్లలో, అంటే పంటికి అంటించే చిన్న బిళ్లల్లో, కూర్చినా మళ్లీ తన అసలు ఆకారానికి రావాలని చూస్తుంది. ఆ మెల్లటి లాగుడుకు పళ్లు వరసలోకి వస్తాయి. అయితే ఈ దశలో సర్దుకునేది ముఖ్యంగా పంటి పైభాగమే. చిగురు కింద ఉన్న వేరు చాలావరకు పాత దిక్కుకే తిరిగి ఉంటుంది. ఆ తర్వాత గుండ్రటి తీగ స్థానంలో పలకలుగా ఉండే గట్టి స్టీలు తీగ వస్తుంది. ఎత్తుపళ్లను లోపలికి తేవడం, పళ్లు తీయించిన ఖాళీలు మూయడం, వేర్లను సరైన కోణంలోకి తిప్పడం దాని పని. చివరి దశలో పై పళ్లూ కింది పళ్లూ ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చునేలా చిన్న చిన్న సవరణలు చేస్తారు. మొత్తం కలిపి మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఇందులో బయటివాళ్ల కంటికి కనిపించే మార్పు మొదటి ఐదారు నెలల్లోనే చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత ఏమీ జరగడం లేదనిపించడానికి కారణం ఇదే.

మన దగ్గర ఎత్తుపళ్ల కేసులు చాలా ఎక్కువ. వాటికి చాలాసార్లు కోరపళ్ల వెనక ఉండే నాలుగు చిన్న దవడ పళ్లు తీయించి, ఆ ఖాళీలోకి ముందు పళ్లను జరుపుతారు. ఒక్కో ఖాళీ సుమారు 7 మిల్లీమీటర్లు. పన్ను జరిగేది నెలకు ఇంచుమించు 1 మిల్లీమీటరు. అంటే ఆ సందు మూసుకోవడానికే ఆరేడు నెలలు కావాలి, అదీ అపాయింట్‌మెంట్లు తప్పకుండా వెళ్తే. డాక్టరు చెప్పే గడువులో పెద్ద వాటా ఈ లెక్కదే.

వేగం పెంచలేరా అన్నది అందరికీ వచ్చే సందేహం. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు కూడా లేని సన్నని పొర ఒకటి ఉంటుంది. తీగ నెట్టినప్పుడు ఆ పొర ఒకవైపు నలుగుతుంది, రెండోవైపు సాగుతుంది. నలిగినవైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగినవైపు కొత్త ఎముకను కట్టే కణాలు చేరతాయి. ముందు ఎముక కరగాలి, పన్ను జరగాలి, వెనక కొత్త ఎముక పుట్టాలి. బలంగా బిగిస్తే ఆ పొరకు రక్తం అందక పని ఆగిపోతుంది, వేరుకు ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే మంచి డాక్టరు తక్కువ బలంతో, ఎక్కువ కాలం పని చేయిస్తారు.

పళ్లు ఎందుకు వెనక్కి వెళ్తాయి

మధ్యలో తీయించడం గురించి ఆలోచించేవాళ్లకు నిజంగా తెలియాల్సింది ఇది. కొత్త చోటికి చేరిన పన్ను చుట్టూ ఎముక మొదట్లో మెత్తగానే ఉంటుంది. వేరును పట్టుకున్న పొర తిరిగి కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగురులోని నారల విషయం ఇంకా కష్టం. అవి లాగిన రబ్బరులా సాగిపోయి, చాలాకాలం పంటిని పాత చోటికే గుంజుతూ ఉంటాయి. నార్వేకు చెందిన కోరె రైటన్ 1959లో కుక్కల మీద చేసిన పరిశోధనలో, తిప్పి నిలబెట్టిన పంటి చుట్టూ ఈ నారలు 232 రోజుల తర్వాత కూడా సాగిన స్థితిలోనే కనిపించాయి. వంకర తిరిగిన పన్నును సరిచేయించుకున్నవాళ్లలో అదే పన్ను అన్నిటికంటే ముందు మళ్లీ తిరగడానికి కారణం ఈ నారలే.

పూర్తిగా వైద్యం చేయించుకున్నవాళ్లకు కూడా ఈ బెడద తప్పదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన అధ్యయనం దంతవైద్యుల్లో బాగా పేరున్నది. చిన్న దవడ పళ్లు తీయించి, వైద్యం పూర్తి చేయించుకున్న 65 మందిని రిటైనర్ (సరిచేసిన పళ్లు కదలకుండా క్లిప్పులు తీశాక పెట్టుకునేది) మానేసిన పదేళ్ల తర్వాత చూస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్లు సంతృప్తికరమైన వరసలో లేవు. చివరిదాకా చేయించుకున్నవాళ్ల సంగతే ఇదైతే, వేర్లు తిరగకుండా, పై పళ్లు కింది పళ్లతో కుదురుకోకుండా ఆపేసిన నోటిలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పై పళ్లూ కింది పళ్లూ బాగా కూర్చుంటే అవి ఒకదానికొకటి కొంతవరకు కాపలా కాస్తాయి. ఆ కూర్పు వచ్చేది చివరి దశలోనే.

కాబట్టి ముందుగా అడగాల్సింది ఎన్ని నెలలు గడిచాయని కాదు, పని ఏ దశలో ఉందని. ఎప్పుడు ఆపినా నష్టం ఒకేలా ఉండదు. మొదటి దశలో, పళ్లేవీ తీయించకుండా వరస మాత్రమే సరిచేస్తున్న కేసులో ఆపితే పళ్లు పాత స్థితి వైపు వెళ్తాయి. బాధగానే ఉంటుంది, కానీ మొదలుపెట్టిన చోటికే చేరడం అది. నాలుగు పళ్లు తీయించాక, ఖాళీలు సగం మూసుకున్నప్పుడు ఆపడం అన్నిటికన్నా చెడ్డది. తీసిన పళ్లు తిరిగి రావు. మిగిలిన సందుల్లో అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. వెనక పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ముందు పళ్లు మళ్లీ బయటికి వస్తే ఎత్తూ తగ్గదు, సందులూ పోవు. పై పళ్లు కింది పళ్లను లోతుగా కప్పేసే కేసుల్లోనూ ఇంతే. మధ్యలో వదిలేస్తే కింది పళ్లు తిరిగి అంగుడిని గుచ్చే స్థితికి వెళ్లొచ్చు. ఎముకలో ఇరుక్కుపోయిన కోరపన్నును ఆపరేషన్ చేసి గొలుసుతో కిందికి లాగుతున్నప్పుడు ఆపడమూ అలాంటిదే. ఖాళీలు పూర్తిగా మూసుకుని, నమలడం బాగుండి, చివరి సవరణలు మాత్రమే మిగిలిన దశలో ఆపడం వేరే సంగతి. అక్కడ రాజీ పడటంలో పెద్ద తప్పు లేదు.

ఎదిగే పిల్లల్లో ఇంకో చిక్కుంది. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు ఎదుగుదల వేగంగా ఉండే వయసులో, అంటే ఆడపిల్లలకు సుమారు 10 నుంచి 12 ఏళ్ల మధ్య, మగపిల్లలకు ఇంకో రెండేళ్ల తర్వాత, ఆ దవడను ముందుకు తేవడానికి ట్విన్ బ్లాక్ లాంటి తీసి పెట్టుకునే అప్లయన్స్ ఇస్తారు. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉందనో, స్కూల్లో పిల్లలు నవ్వుతున్నారనో దాన్ని మాన్పించేస్తే ఆ వయసు మళ్లీ రాదు. వంకర పళ్లకు ముప్పై ఏళ్లకైనా క్లిప్పులు వేయించుకోవచ్చు. ఎదుగుదల ఆగిపోయాక పెద్ద తేడా ఉన్న దవడను సరిచేయాలంటే ఆపరేషనే దారి కావచ్చు. పదకొండేళ్ల పిల్ల ఏడుపు చూసి అమ్మానాన్నలు కరిగిపోవడం సహజం. అయినా ఈ ఒక్కచోట తొందరపడకూడదు. అప్లయన్స్ ఎక్కడ గుచ్చుకుంటోందో డాక్టరుకు చూపించి అరగదీయించడం, మొదట్లో ఇంట్లో ఉన్నంతసేపే పెట్టి మెల్లగా గంటలు పెంచడం లాంటివి ముందు ప్రయత్నించాలి.

నిజంగా తీయాల్సిన సందర్భాలు

ఆరోగ్యం దెబ్బతింటుంటే క్లిప్పులు ఉంచడమే తప్పు. అందం కోసం పళ్లను పోగొట్టుకోలేం కదా. సరిగ్గా తోముకోని నోటిలో బ్రాకెట్ చుట్టూ తెల్లటి సుద్ద మచ్చలు నెల రోజుల్లోనే మొదలవుతాయి. అవి పంటి మీది గట్టి పొర, అంటే ఎనామెల్, కరుగుతోందన్నదానికి మొదటి గుర్తు. కూల్‌డ్రింకులు, చాక్లెట్లు ఎక్కువైతే అవే పుచ్చులవుతాయి. ఎన్నిసార్లు చెప్పినా బ్రషింగ్ మారకపోతే మంచి డాక్టరు తనంతట తానే క్లిప్పులు తీసేద్దామంటారు. అది శిక్ష కాదు. వంకరగా ఉన్నా గట్టి పళ్లు మేలన్న లెక్క. పెద్దవాళ్లలో చిగుళ్ల జబ్బు, అందులోనూ అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లలో, ఇంకా జాగ్రత్త కావాలి. చిగురు నుంచి రక్తం, చీము వస్తున్నప్పుడు పళ్లను జరిపితే వాటిని పట్టుకున్న ఎముక ఇంకా తరిగిపోతుంది. ముందు పళ్లు జరిపే పని ఆపి చిగుళ్లు బాగుచేయాలి. అవి అదుపులోకి రాకపోతే క్లిప్పులు తీయాలి.

నొప్పీ గుర్తూ లేకుండా జరిగే నష్టం ఒకటుంది. పంటి వేరు కొస కరిగిపోవడం. క్లిప్పులు వేసుకున్న చాలామందిలో ఇది కొద్దిగా ఉంటుంది, దానివల్ల ఇబ్బంది ఉండదు. కొద్దిమందిలో మాత్రం వేరు బాగా పొట్టిదైపోతుంది. అది ఎక్కువగా పై ముందు పళ్లలో. ఎక్స్-రే తీస్తే తప్ప తెలియదు. అందుకే మొదలుపెట్టిన ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఒకసారి ఎక్స్-రే తీసి చూడటం మంచి పద్ధతి. ఏడాది దాటినా ఒక్క ఎక్స్-రే కూడా తీయలేదంటే డాక్టరును ధైర్యంగా అడగొచ్చు. వేరు కరుగుతున్నట్టు తేలినా అదే రోజు అన్నీ తీసేయాలని కాదు. రెండు మూడు నెలలు బలం లేని తీగతో విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూస్తారు. బలం ఆగితే కరగడం కూడా చాలావరకు ఆగుతుంది. ఆ తర్వాత లక్ష్యాన్ని తగ్గించుకుని త్వరగా ముగించడం సరైన నిర్ణయమే అవుతుంది.

తల, ముఖం భాగాలకు ఎంఆర్ఐ అవసరమైతే స్టీలు బ్రాకెట్ల వల్ల ఆ చుట్టుపక్కల బొమ్మ చెదిరిపోతుంది. మోకాలికో నడుముకో తీసే ఎంఆర్ఐకి సాధారణంగా వీటితో అడ్డు లేదు. స్కాన్ చేసేవాళ్లనూ పళ్ల డాక్టరునూ మాట్లాడుకోనిస్తే కొన్నిసార్లు తీగ ఒక్కటి తీసినా సరిపోతుంది. తలకు, మెడకు రేడియేషన్ చికిత్స మొదలయ్యే ముందు మాత్రం మొత్తం తీసేయడమే క్షేమం. నోటి లోపలి చర్మం పుండుపడినప్పుడు ఆ లోహపు అంచులు భరించలేం. గర్భం వచ్చిందని క్లిప్పులు తీయించాల్సిన పని లేదు. చిగుళ్లు కాస్త ఉబ్బుతాయి కాబట్టి శుభ్రతే ముఖ్యం.

ముహూర్తం, వీసా, హాస్టల్

మన ఇళ్లలో క్లిప్పులు మధ్యలో తీయించడానికి కారణాలు ఎక్కువగా క్యాలెండర్ నుంచే వస్తాయి. పెళ్లి కుదిరింది, ముహూర్తం రెండు నెలల్లో ఉంది, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తీసే ఫొటోల్లో తీగలు కనిపించకూడదు. ఈ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, దాన్ని చిన్నచూపు చూసే డాక్టరు తప్పు చేస్తున్నట్టే. అయితే దీనికి మొత్తం తీయించడం ఒక్కటే దారి కాదు. పెళ్లికి నాలుగైదు రోజుల ముందు తీగనూ ముందు పళ్ల బ్రాకెట్లనూ తీసి, అచ్చు తీసుకుని పారదర్శకమైన రిటైనర్ చేయించుకుని, తంతు అయ్యాక పదిహేను రోజుల్లో మళ్లీ అంటించుకోవచ్చు. రిటైనర్ పెట్టుకుంటే ఆ కొద్ది రోజుల్లో పళ్లు చెప్పుకోదగ్గంత కదలవు. మళ్లీ అంటించడానికి కొంత ఖర్చవుతుంది, వైద్యం కొన్ని వారాలు వెనకబడుతుంది, అంతే.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పుకోవాలి. "పెళ్లయ్యాక మళ్లీ వేయించుకుంటా" అని పూర్తిగా తీయించేసుకున్నవాళ్లలో వెనక్కి రాని వాళ్లు చాలామంది ఉంటారు. కొత్త ఇల్లు, వేరే ఊరు, అత్తగారింట్లో ఈ ఖర్చు గురించి ఎవరిని అడగాలన్న మొహమాటం. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇది జరుగుతుంది. పళ్లు తీయించిన సందులతో మెట్టినింటికి వెళ్లి, తర్వాత జీవితాంతం చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాల్సి రావడం న్యాయం కాదు. అందువల్ల సంబంధాలు చూస్తున్న వయసులో క్లిప్పులు మొదలుపెడితే, పళ్లు తీయించక ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ముహూర్తం ముంచుకొస్తే కనీసం సందులు మూసుకునేదాకా ఆగి తీయించుకోవాలి.

విదేశీ చదువులదీ ఇలాంటి కథే. ఆగస్టులో అమెరికా విమానం ఎక్కాల్సిన కుర్రాడికి జనవరిలో నాలుగు పళ్లు తీయించి క్లిప్పులు వేస్తే లెక్క కుదరదు. అక్కడ పెద్దవాళ్ల క్లిప్పుల ఖర్చును విద్యార్థుల ఇన్సూరెన్స్ సాధారణంగా భరించదు. వేరే దేశంలో మొదలై మధ్యలో ఉన్న కేసును తీసుకోవడానికి వెనకాడే డాక్టర్లు కూడా ఉంటారు. మిగిలింది చివరి సవరణలే అయితే ఇక్కడే తీయించి రిటైనర్లు రెండు జతలు చేయించుకుని వెళ్లడం మేలు. సందులు ఇంకా తెరిచి ఉంటే మొదట్లో తీసిన పళ్ల అచ్చులు, ఎక్స్-రేలు, ఫొటోలు, ఇప్పటివరకు ఏం చేశారో రాసిన కాగితం పట్టుకుని వెళ్లి అక్కడ కొనసాగించాలి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చూపించుకుందామని తీగలతో అలాగే వెళ్లిపోయి, ఏడాది పాటు ఎవరికీ చూపించుకోకపోవడం అన్నిటికన్నా ప్రమాదం. విరిగిన బ్రాకెట్ ఒక్కటి చాలు, ఆ పన్ను దారి తప్పుతుంది.

ఇంటర్ హాస్టళ్లలో ఉండే పిల్లల బాధ ఎక్కువగా ఎవరూ పట్టించుకోరు. నెలకొకసారి బయటికి పంపడం కూడా కష్టమైన చోట అపాయింట్‌మెంట్లు తప్పుతాయి, ఊడిన బ్రాకెట్ వారాల తరబడి తీగకు వేలాడుతుంది. అలాంటప్పుడు క్లిప్పులు అలా వదిలేయడం కన్నా, డాక్టరుతో మాట్లాడి బలం లేని తీగ వేయించుకుని పరీక్షలయ్యేదాకా ఆపి ఉంచడం నయం.

"ఇంకో ఆరు నెలలు" అన్న మాట

మూడేళ్లయినా పూర్తికాని కేసులు ఉంటాయి. ప్రతిసారీ ఇంకో ఆరు నెలలే అంటారు. ఇక్కడ రోగి విసుగు న్యాయమైనదే. ఆలస్యానికి కారణం అపాయింట్‌మెంట్లు తప్పడం కావచ్చు, పై, కింది క్లిప్పులకు తగిలించుకోమని ఇచ్చిన రబ్బర్లు పెట్టుకోకపోవడం కావచ్చు, క్లినిక్‌లో డాక్టర్లు మారుతూ ఉండటం కావచ్చు. కొందరిలో ఇది ఎవరి తప్పూ కాదు. నల్గొండ వైపో, కనిగిరి వైపో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద జిగురు సరిగ్గా పట్టక బ్రాకెట్లు పదేపదే ఊడుతుంటాయి. ఊడిన ప్రతిసారీ పని వెనక్కి వెళ్తుంది. ఇది ముందే తెలిస్తే అనవసరమైన అపార్థాలు తగ్గుతాయి.

అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు తీస్తారు" కాదు. "ఇంకా ఏ పన్ను ఎటు జరగాలి, అది నమలడానికి అవసరమా, అందానికా" అని అడగాలి. దీనికి డాక్టరు అచ్చులూ ఎక్స్-రే చూపించి స్పష్టంగా చెప్పగలగాలి. అమెరికాకు చెందిన లారెన్స్ ఆండ్రూస్, క్లిప్పులు వేయించుకోకుండానే సహజంగా చక్కగా ఉన్న 120 మంది పళ్ల అచ్చులను పరిశీలించి, మంచి పలువరసకు ఆరు లక్షణాలు ఉంటాయని 1972లో రాశారు. ఆర్థోడాంటిస్టుల, అంటే పలువరస సరిచేసే నిపుణుల, చదువులో ఆ ఆరూ ఈనాటికీ గీటురాళ్లే. కానీ ప్రతి నోరూ ఆ ఆరింటినీ అందుకోవాలన్న పట్టుదల రోగికి అక్కరలేదు. పై పళ్ల, కింది పళ్ల మధ్యగీతల్లో అర మిల్లీమీటరు తేడా కోసం ఇంకో ఎనిమిది నెలలు తీగలతో ఉండాలా వద్దా అన్నది ఆ నోటి మనిషే నిర్ణయించుకోవాలి. డాక్టరు వద్దన్నా తీయించుకునే హక్కు రోగికి ఉంది. డాక్టరు చేయాల్సింది నష్టాలు వివరించి, సంతకం తీసుకుని, రిటైనర్ ఇవ్వడం. కట్టిన డబ్బు తిరిగి రాకపోవచ్చు గానీ, డబ్బు కట్టాం కదా అని అక్కర్లేని వైద్యం కొనసాగించడం కూడా సరికాదు.

నమ్మకం కుదరకపోతే రెండో అభిప్రాయం తీసుకోవాలి. అది ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన డాక్టరు దగ్గరైతే మంచిది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ఏదో ఒక ప్యాకేజీ అమ్ముకోవాల్సిన అవసరం లేని చోట వచ్చే సలహాకు విలువ ఎక్కువ.

ఎవరు ఎప్పుడు తీయించుకున్నా ఇంట్లో పటకారుతో పీక్కోవడం మాత్రం అస్సలు వద్దు. బ్రాకెట్‌తో పాటు ఎనామెల్ పెచ్చు ఊడిరావచ్చు, ఎనామెల్ మళ్లీ పెరగదు. క్లినిక్‌లో ప్రత్యేకమైన ప్లయర్‌తో బ్రాకెట్ అడుగును నొక్కి విడదీసి, మిగిలిన జిగురును డ్రిల్‌తో మెల్లగా గీకి, పాలిష్ చేస్తారు. గంటలోపే అయిపోతుంది. రిటైనర్ కోసం అచ్చు ఎప్పుడు తీస్తారో, అది ఏ రోజు చేతికి వస్తుందో ముందే అడిగి పెట్టుకోవాలి. వారం తర్వాత రమ్మంటే ఒప్పుకోకూడదు, ఎందుకంటే మధ్యలో ఆపిన పళ్లు ఆ వారంలోనే కదలడం మొదలుపెడతాయి. వీలైతే కింది ముందు పళ్ల వెనక సన్నని తీగ అంటించుకోవడం మంచిది. మొదటి ఆరు నెలలు తిండికీ బ్రషింగ్‌కీ తప్ప రిటైనర్ తీయకుండా, ఆ తర్వాత రాత్రిపూట పెట్టుకోవాలి. ఏదో ఒక రాత్రి అది బిగుతుగా అనిపిస్తే పళ్లు కదిలాయని అర్థం, మర్నాడే డాక్టరుకు ఫోన్ చేయాలి.